తకాదా, తగాదా: హైదరాబాదు జమాదారుల నాటి కథ

హైదరాబాదునకు తూర్పు వాకిట నున్న కర్మన్‌ఘాట్ నేడు గ్రామము కాదు. ధ్యానాంజనేయస్వామి కోవెల చుట్టును కాలనీలు పెరిగి, ఇటు దిల్‌సుఖ్‌నగరును, అటు లాల్‌బహదూరు నగరును దానిని తమలో కలుపుకొన్నవి. కోవెలకు వచ్చు భక్తులు ఆ యూరి పేరునకు ఒక కథ చెప్పుదురు. ఔరంగజేబు గుడిని కూల్చ వచ్చినప్పుడు "కర్ మన్ ఘట్", అనగా మనసు గట్టి చేసికొమ్మని, ఆకాశవాణి పలికెనట. అది మన రేడియో కాదు, పురాణములలోని ఆకాశవాణి. స్థలపురాణమును చరిత్ర త్రాసులో తూచుట నా పని కాదు. కాని పరదేశపు సేనలను గూర్చిన జ్ఞాపకము ఆ యూరి పేరులోనే నిలిచి యుండుట గమనింపదగినది.

కర్మన్‌ఘాట్ నుండి ఉత్తరముగా పోయినచో దిల్‌సుఖ్‌నగరు దాటగానే మూసారాంబాగు గుట్ట కనబడును. నైరుతిగా చంపాపేట, సంతోషనగరు, చాంద్రాయణగుట్టల మీదుగా పోయినచో బార్కసు వచ్చును. గుట్టమీద ఒక ఫ్రెంచి సేనాని సమాధి యున్నది. బార్కసులో అరబ్బు సిపాయిల సంతతివారు కాపురమున్నారు. ఈ రెండు తావుల నడుమ, కత్తిని చేతబట్టి ఒకరితో నొకరు పోటీపడి, వడ్డీలు వసూలు చేసి, పట్టణమును గుప్పిట బెట్టుకొన్న దండుల చరిత్ర యిమిడి యున్నది. నేడు మనము పత్రికలలో 'ముఠాలు' అని చదువుచున్నాము. నూటయేబది యేండ్లకు పూర్వము ఆ మాట వినబడలేదు. ఆ పని మాత్రము నిరాటంకముగా సాగెను.

ముందుగా గుట్టను గూర్చి. అచ్చట నున్నది రేమండు సమాధి. జనులు అతనిని మూసా రాము అనిరి, మూసా రహీము అనిరి. ఎవరి దేవుని పేరు వారు పెట్టుకొనిరి. సూచివలె లేచిన రాతి స్తంభము, దాని చెంత స్తంభముల మంటపము కలవు. 2001లో కురిసిన పెనువానలకు ఆ మంటపము కూలిపోగా మరల కట్టిరి. నిజాము కొలువులో నుండి రేమండు పెంచిన పటాలములలో పదివేలకు పైబడి సిపాయిలుండిరి. అతడు 1798 మార్చి 25న మరణించెను. ఆ యేటనే అక్టోబరు 22వ తేదీన కుంఫిణీవారు ఆ సేనను చుట్టుముట్టి ఆయుధములు క్రింద పెట్టించిరి. పెద్ద యుద్ధమే జరుగునని అందరును భయపడిరి. కాని జరుగలేదు. ఏలనగా, అప్పటికే ఆ సిపాయిలు జీతముల బాకీకై తిరుగబడి తమ దొరలనే నిర్బంధించి యుండిరి. బాకీ చెల్లింతుమని కుంఫిణీ పక్షమున మాట దొరకగానే వారు తుపాకులు దించి వెడలిపోయిరి.

ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెనని నా మనవి. తరువాతి అరువది యేండ్ల హైదరాబాదు చరిత్రలో తుపాకి వెనుక జీతపు బాకీ యుండును, జీతపు బాకీ వెనుక సాహుకారుండును.

అరబ్బులు ఈ దేశమునకు క్రొత్తవారు కారు. కాని మనము చెప్పుకొను అరబ్బులలో పెక్కురు దక్షిణ అరేబియాలోని హద్రమౌతు సీమనుండి కూలికి కత్తి పట్ట వచ్చినవారు. మరాఠా ప్రభువులు వారిని కోటల కావలికి నియమించిరి. 1817లో నాగపురము కుంఫిణీ వశమైనప్పుడు అచ్చటి రాజసౌధమును చివరివరకు విడువక నిలిచినవారు అరబ్బులే. ఆయుధములతో మర్యాదగా వెడలిపోవుటకు ఒడంబడిక చేసికొన్న తరువాతనే వారు బయటకు వచ్చిరి. మరుసటి యేట పీష్వా రాజ్యము కూడ అంతరించెను. యజమానులు పోయిన సిపాయిలకు దక్కనులో మిగిలిన పెద్ద కొలువు ఒక్క హైదరాబాదే. నడుమున జంబియా యను వంకర బాకు, భుజమున పొడవాటి తుపాకి, వెనుక మర్ఫా వాద్యముతో వారు పట్టణములోనికి వచ్చి చేరిరి.

నేడు జమాదారు అనగా ఏ కచేరిలోనో యుండు చిన్న ఉద్యోగి. ఆ నాటి జమాదారు చిన్నవాడు కాడు. ఇన్ని వందలమందిని తెత్తునని ప్రభుత్వముతో ఒప్పుకొని, తలకింత చొప్పున మొత్తముగా జీతము పుచ్చుకొని, తన మనుష్యులకు తానే పంచెడివాడు. సిపాయి నిజామును ఎరుగడు, దివానును ఎరుగడు, జమాదారునే ఎరుగును. పట్టీలో వ్రాసిన తలలన్నియు నిజముగా నున్నవా యని లెక్కించు ధైర్యము కచేరీవారికి లేకుండెను. అట్లు మిగిలిన సొమ్ము పెట్టుబడి యయ్యెను. పెట్టుబడి అప్పుగా మారెను. కావలికి వచ్చినవాడు ఋణదాత యయ్యెను.

ఎవరికి అప్పిచ్చెను? తనకు జీతమీయలేని ప్రభుత్వమునకే. వినుటకు వింతగా నుండును గాని నిజము.

ఇది తెలియుటకు రాజా చందూలాలు కాలమును కొంచెము చూడవలెను. పేష్కారుగాను, పిమ్మట దివాను అధికారముతోను ఆయన 1843 వరకు దాదాపు ముప్పదియైదేండ్లు రాజ్యపు ఖజానాను నడిపెను. కవిపోషకుడు, దానశీలుడు, తానును ఉర్దూ కవి. కాని కుంఫిణీ కోరిన సేనల వ్యయము ఏటికేడు పెరుగుచుండ, ఖజానా నింపుటకు అప్పు తప్ప వేరు దారి ఆయనకు తోచలేదు. మొదట విలియం పామరు కంపెనీవారు నూటికి 24 చొప్పున వడ్డీకి ఇచ్చిరి. ఆ ఋణము తీర్చుటకై 1823లో ఏమి జరిగినదో ఆంధ్రదేశమువారు మరువరాదు. ఉత్తర సర్కారులకు బదులుగా కుంఫిణీవారు నిజామునకు ఏటేట చెల్లించు 7 లక్షల రూపాయల పేష్కషును శాశ్వతముగా వదలుకొని, ఒక్కసారిగా 1,16,66,666 రూపాయలు తీసికొని పామరు బాకీకి జమకట్టిరి. గుంటూరు, రాజమహేంద్రవరముల పేర వచ్చెడి పైకము హైదరాబాదు వడ్డీలలో కరగిపోయినది.

పామరు కంపెనీ దివాలా తీసెను గాని అప్పుల అవసరము తీరలేదు. బేగంబజారు, కార్వాను సాహుకారులు ముందుకు వచ్చిరి. గోసాయీలు, మార్వాడీలు, గుజరాతీలు ఉండిరి. వారికి సొమ్మున్నది, వసూలు చేయు బలము లేదు. జమాదారుకు బలమున్నది. దివానుకు అప్పు కావలెను. ఈ మూడు అవసరములు కలిసి ఒక యంత్రమయ్యెను. సాహుకారు అప్పిచ్చును; జమాదారు జామీను నిలుచును; దివాను ఒక తాలూకా శిస్తును వారికి వ్రాసియిచ్చును. తాలూకాకు అరబ్బు బంట్లు పోయి కూర్చుందురు. రైతు ఎవరికి పన్ను కట్టుచున్నాడో, రాజుకో సాహుకారుకో, రైతుకే తెలియదు. వానకు పంట పోయినను వడ్డీకి వాన లేదు, ఎండ లేదు.

పట్టణములో అమీరులును ఇదే వలలో చిక్కిరి. బాకీ గడువు దాటినచో అరబ్బులు దేవిడీ వాకిట కూర్చుందురు. నీళ్లు లోనికి పోనీయరు, మనిషిని బయటకు రానీయరు. అంతకును లొంగనిచో బాకీదారుని తీసికొనిపోయి జమాదారు ఇంటనే ఖైదు చేయుదురు. కొత్వాలు అధికారము ఆ గడప దాటదు. అనగా ప్రతి పెద్ద జమాదారు ఇల్లును ఒక బ్యాంకు, ఒక కచేరి, ఒక చెరసాల.

ఇప్పుడు ఒక మాటను గూర్చి చెప్పవలెను. తకాదా, తగాదా అను రూపములు రెండును ఒకే అరబీ మాటనుండి వచ్చినవి. బాకీకై వెంటబడి అడుగుట దాని అర్థము. మరాఠీలో తగాదా అనిన నేటికిని అదియే. తెలుగులో మాత్రము తగాదా అనగా జగడము. బాకీ అడుగుట జగడముగా ఎట్లు మారినదో నిఘంటువులు చెప్పవు. ఆ నాటి హైదరాబాదు వీధులను తలచుకొన్నచో నాకు ఆశ్చర్యము కలుగదు.

ఇక రోహిల్లాలు. వీరు రోహిల్‌ఖండమునుండియు, ఆఫ్ఘను సీమలనుండియు వచ్చిన పఠానులు. 1774లో రోహిల్‌ఖండము అవధు నవాబునకును కుంఫిణీకిని లొంగిపోయిన పిదప అచ్చటి యోధులు దేశము నలుమూలల కొలువులు వెదకికొనిరి. హైదరాబాదులో వీరి స్థితి అరబ్బులవలె గట్టిది కాదు. అరబ్బులకు కూటమి యున్నది, తెగల కట్టుబాటున్నది, సాహుకారుల నమ్మకమున్నది. రోహిల్లాలు చిన్నచిన్న జట్లుగా తిరిగెడివారు. అమీరు పిలిచిన అమీరు పక్షమున, పటేలు పిలిచిన పటేలు పక్షమున పోయెడివారు. పిలిచెడివాడు లేనప్పుడు పల్లెల మీద పడెడివారు. చిల్లర అప్పులిచ్చి కర్రతో వసూలు చేయుట వారి ప్రధాన వృత్తి. తెలంగాణపు పల్లెలలో వడ్డీ రోహిల్లాల భయము ఈ మధ్యకాలము వరకును ఉండెను.

అరబ్బులకును రోహిల్లాలకును పొసగలేదు. ఒకే గిరాకీకి ఇద్దరు వ్యాపారులైనప్పుడు పొసగుట కష్టము. పంజాబీ ఖత్రీ వంశీకుడైన చందూలాలు లాహోరు వైపునుండి సిక్కు సిపాయిలను గూడ రప్పించెను. 'లాహోరీ ఫౌజు' అని వారికి పేరు. అత్తాపూరు దాపున వారి ఛావణీ నేటికిని కలదు. ఒక దండును అదుపు చేయుటకు ఇంకొక దండును తెచ్చుట ఆ నాటి రాజనీతి. ప్రతి క్రొత్త దండునకును జీతమీయవలెను గదా. దానికై మరల అప్పు.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఈ వృత్తాంతములలో ఎక్కువ భాగము బ్రిటిషు రెసిడెంట్ల లేఖలనుండి మనకు వచ్చినది. పట్టణము నిండ ఆయుధములే యని, అరబ్బులు దయ్యములని వారు వ్రాసిరి. వ్రాసినదంతయు అబద్ధము కాదు. కాని కంటింజెంటు సేన పేర ఏటేట లక్షలు గుంజి ఖజానాను ఎండగట్టినవారే, ఎండిన ఖజానా చుట్టు మూగిన ఋణదాతలను చూచి ముక్కు మూసికొనిరి. వారును ఋణదాతలే. 1853 మే 21న కుంఫిణీవారు తమ బాకీ క్రింద బీరారు సీమను వ్రాయించుకొనిరి. జమాదారు తాలూకా పట్టెను, కుంఫిణీ రాష్ట్రమునే పట్టెను.

ఆ ఒడంబడిక జరిగిన వారము లోపలనే దివాను సిరాజుల్‌ముల్కు మరణించెను. మే 31న ఆయన అన్న కుమారుడు మీర్ తురాబ్ అలీఖాను దివాను అయ్యెను. వయస్సు 24 ఏండ్లు. చరిత్రలో మొదటి సాలారుజంగు ఈయనయే.

సాలారుజంగు చేసిన పనిని జనులు సాధారణముగా 'అరబ్బులను అణచెను' అని ఒక్క ముక్కలో తేల్చివేయుదురు. నా యభిప్రాయములో అది సరి కాదు. ఆయన వద్ద వారిని అణచునంతటి సేనయే లేదు. ఆయన ముందు లెక్క చూచెను. ఎవరికెంత అసలు, ఎంత వడ్డీ, ఎంత వట్టి కల్పన యని తేల్చి, ఒప్పుకొన్న బాకీని వాయిదాల మీద చెల్లించుచు, తాకట్టు పడిన తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించెను. ఇకమీదట శిస్తును ఎవరికిని కుదువ పెట్టబోమనెను. జీతములు నెలనెల ఇచ్చుటకు ఏర్పాటు చేసెను. అరబ్బుల వ్యాజ్యములకు ప్రత్యేక న్యాయస్థానము పెట్టి, వారి పెద్దలనే అందులో పాలుపంచుకొనజేసెను. బాకీయున్నచో దావా వేయుము, మనిషిని కట్టివేయకుము అని దాని సారాంశము. ఇది ఒక్క దినములో నెరవేరలేదు. పెద్ద జమాదారులు ఏల ఒప్పుకొనిరన్నచో, నిలకడగా వచ్చు వాయిదా, తుపాకితో రాబట్టు వడ్డీకన్న నమ్మదగినదని వారికి తోచినది. వారు వ్యాపారులు. లెక్క వారికి తెలియును.

రోహిల్లాలకు ఈ బేరము దొరకలేదు. వారికి లెక్క చూపుటకు పెద్ద పద్దులు లేవు, న్యాయస్థానములో కూర్చుండుటకు నవాబులవంటి పెద్దలు లేరు. అందుచే వారిని దివాను బందిపోట్ల క్రింద జమకట్టెను. వారిమీదికి అరబ్బులను పంపెను. నిన్నటివరకు ఒకే వృత్తి చేసిన రెండు దండులలో ఒకటి ప్రభుత్వపు చేయి అయ్యెను, రెండవది ప్రభుత్వపు వేట అయ్యెను.

1857 వచ్చునప్పటికి పట్టణపు స్థితి ఇది. జూలై మాసములో, తిరుగబడి పట్టణమునకు వచ్చిన చీదాఖాను అను జమాదారును దివాను పట్టి రెసిడెన్సీకి అప్పగించెను. పట్టణములో అలజడి పుట్టెను. జూలై 17వ తేదీ సాయంకాలము రోహిల్లా నాయకుడు తుర్రెబాజుఖానును, మౌల్వీ అల్లాఉద్దీనును కొన్ని వందలమందితో రెసిడెన్సీపైకి నడచిరి. పుత్లీబౌలి వైపున రెండిండ్ల నాక్రమించి రాత్రియంతయు కాల్పులు జరిపిరి. ఆ యిండ్లలో ఒకటి జైగోపాలుదాసు అను సాహుకారుది యగుట గమనింపుడు. లోపలినుండి ఫిరంగులు పేలెను. తెల్లవారునప్పటికి ముట్టడి విచ్చిపోయెను. అరబ్బులు వారితో కలియలేదు. కలిసియుండినచో రెసిడెంటు డేవిడ్సను గతి ఏమయ్యెడిదో చెప్పలేము. దివాను అరబ్బు బంట్లు ఆ దినములలో పట్టణపు కావలి కాచిరి.

తుర్రెబాజుఖాను పట్టుబడెను. ద్వీపాంతరవాసము విధించిరి. 1859 జనవరిలో చెరనుండి తప్పించుకొనెను. 5,000 రూపాయలు బహుమానము ప్రకటింపగా, కొలది దినములలోనే తూప్రాను ప్రాంతమున కాల్చి చంపిరి. శవమును పట్టణమునకు తెచ్చి గొలుసులతో వ్రేలాడగట్టిరి. అల్లాఉద్దీనును అండమానులకు పంపిరి. ఆ సంవత్సరమే మార్చిలో దర్బారు ముగించుకొని వచ్చుచున్న సాలారుజంగుపైని, రెసిడెంటుపైని ఒకడు తుపాకి కాల్చెను. ఇరువురును బ్రతికిరి. 1868లో మరల దివానుపై హత్యాప్రయత్నము జరిగెను; అప్పుడును తప్పెను.

రోహిల్లాలందరును దేశభక్తులని నేననుట లేదు. పల్లెలు దోచినవారు, పేదలను కర్రతో బాదినవారు వారిలో నుండిరి. అట్లని జూలై 17 రాత్రి రెసిడెన్సీపై నడచినది వట్టి దోపిడిమూక యనుటయు న్యాయము కాదు. దోచుటకైనచో బేగంబజారు దగ్గరనే యుండెను. ఫిరంగుల ముందునకు పోనక్కరలేదు.

అరబ్బు జమాదారుల తరువాతి కథ మరింత విచిత్రమైనది. దానికై సముద్రము దాటవలెను. హైదరాబాదులో మూడు పెద్ద జమాదారీలు ఉండెను. యాఫియీ తెగకు చెందిన ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీది ఒకటి, అబ్దుల్లా బిన్ అలీ అల్ ఔలకీది రెండవది, పాత రాజవంశీయుడైన గాలిబ్ బిన్ ముహ్‌సిన్ అల్ కసీరీది మూడవది. ఇచ్చట వీరిని అదుపులో పెట్టుటకు దివానుండెను. తమ దేశములో ఎవరును లేరు. కావున ఇచ్చట కూడబెట్టిన సొమ్మును ఓడలకెత్తి అచ్చట కోటలు కట్టిరి, తుపాకులు కొనిరి, ఒకరినొకరు ముట్టడించిరి. 1858లో కుఐతీలు షిబాము పట్టణమును పట్టిరి. షిహరు రేవును 1866లో కసీరీలు గెలిచిరి. మరుసటి యేటనే కుఐతీలు వారిని వెడలగొట్టిరి. 1876లో ఔలకీల కోట నేలమట్టమయ్యెను. 1881లో ముకల్లా రేవు కుఐతీల వశమయ్యెను. బ్రిటిషువారు 1888లో వారిని తమ సంరక్షణలోనికి తీసికొనిరి.

తెలంగాణపు రైతు కట్టిన శిస్తులో కొంత వడ్డీయై, వడ్డీ జమాదారు పెట్టెలో పడి, పెట్టె అరేబియా తీరమునకు చేరి, అచ్చట నొక రాజ్యమయ్యెను. ఆ రాజ్యపు సుల్తానులు చాల కాలము హైదరాబాదులో జమాదారులుగానే యుండిరి. 'నవాజ్ జంగు' మొదలగు బిరుదులను ఇక్కడి ప్రభువులే ఇచ్చిరి. ఇక్కడ సేవకులు, అక్కడ ప్రభువులు.

మిగిలిన సామాన్య అరబ్బు సిపాయిలు 'నజ్మె జమియత్' అను శాఖ క్రింద చిన్న జీతములతో నిజాము కొలువున కావలివారుగా నిలిచిపోయిరి. వారి బారకాసులున్న తావే బార్కసు అయ్యెను. 1948 సెప్టెంబరు 17న నిజాము సేనలు భారత సేనకు లొంగిపోయెను. ఆ కొలువును పోయెను. 1967లో సరిగా అదే సెప్టెంబరు 17న ముకల్లాలో కుఐతీ సుల్తానత్తు కూలిపోయెను. పంచాంగము చూచి ఎవరును పడగొట్టలేదు గాని, తేదీ కలియుట వింతయే.

బార్కసులో నేడు కత్తులు లేవు. జామపండ్లకు ఆ యూరు ప్రసిద్ధి. రంజాను మాసములోనే గాక మిగిలిన దినములందును తెల్లవారుజామున అచ్చట హరీసు దొరకును. హలీము అను పేర పట్టణమంతయు తినునది దాని సంతతియే. పెండ్లి ఊరేగింపులలో మర్ఫా వాయింతురు. మతభేదము లేక హైదరాబాదువారందరును ఆ లయకు ఆడుదురు. ఆ వాద్యము మొదట ఎవరి వాకిట బాకీకై మ్రోగినదో ఆడువారికి తెలియదు.

తుర్రెబాజుఖాను పేర కోఠీలో ఒక రోడ్డున్నది. రెసిడెన్సీ యెదుట ఆ రాత్రి పోరాటమునకు గురుతుగా ఒక స్మారకమున్నది. రెసిడెన్సీ భవనములో స్త్రీల కళాశాల వెలసి, అది ఇప్పుడు విశ్వవిద్యాలయమైనది. కోఠీలో బస్సు దిగినవారు తుర్రెబాజుఖాను రోడ్డునుండి బ్యాంకు వీధికి నడచియే పోవచ్చును.